ఖరాబు గడియారం జమేదారు

జమేదారు గారు పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది పిల్లికండ్లాయన. కాజీపేట లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన మనిషి. చిన్నప్పుడు వరంగల్ కోట లోపల మా ఇండ్లు పక్కపక్కనే ఉండేవి. కండ్లు తేనె రంగులో ఉండేవని అందరం పిల్లికండ్లోడా అని పిలిచేవాళ్లం. ఇప్పుడు మనుమలను ఎత్తుకున్నాడు కాబట్టి 'ఆయన' చేర్చాను.

మొన్న పొద్దున దీపం పెట్టి, తులసమ్మకు నీళ్లు పోయడానికి వాకిట్లోకి వస్తే గేటు ముందు స్కూటర్ ఆపాడు. దిగలేదు.

"చెల్లె, విన్నవా? మన ఖరాబు గడియారం జమేదారు పోయిండు. తొర్రూరు దిక్కు వాళ్ల ఊళ్లనే. నిన్ననే కాలవెట్టిన్రట."

తొంభై ఏళ్లు దగ్గరపడ్డ మనిషి. ఆయుష్షు తీరి, మంచంలో పడి ఎవరి చేతా చేయించుకోకుండా పోయాడట. దానికి దేవునికి దండం పెట్టుకోవచ్చు. నన్ను పట్టుకున్నది ఆ చావు కాదు, ఆ పేరు. నలభై ఏళ్లు దాటినా, మనిషి బూడిదయ్యాక కూడా, ఆ పేరు చావలేదు. ఖరాబు గడియారం జమేదారు.

ఆ పేరు ఆయనకు రావడానికి కారణం నేను.

మా బాపు ఎనుమాముల మార్కెట్లో దడువాయి. రైతులు తెచ్చిన మిర్చి బస్తాలను కాంటా మీద పెట్టించి తూకం చెప్పే పని. మిర్చి దినాల్లో బాపు ఇంటికి వస్తుంటే ఆయన కంటే ముందు ఘాటు వచ్చేది. నాకేమో పుట్టినప్పటి నుంచి ఉబ్బసం. అందుకని బాపు వాకిట్లోనే చొక్కా విప్పి దండెం మీద వేసి, బావి దగ్గర తల మీద నుంచి నాలుగు చేదలు పోసుకొని గాని గడప తొక్కేవాడు కాదు. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఎంత అలసిపోయి వచ్చినా అంతే. ఇప్పటికీ ఎక్కడైనా ఎండుమిర్చి వాసన తగిలితే దగ్గు కంటే ముందు నాకు బాపు తడి తల గుర్తుకొస్తుంది.

ఆ ఉబ్బసమే, మా మాటలో దమ్ము, ఎక్కువై నాలుగో తరగతిలోనే నన్ను బడి మానిపించారు. అమ్మ దేవుని అర్ర ముందు చాప వేసి నాకు చదువు చెప్పేది. అమ్మకు వచ్చింది భజన పుస్తకం, ఎక్కాలు, ముత్యాల్లాంటి దస్తూరి. ఆ మూడూ నాకిచ్చింది. తప్పు రాస్తే కొట్టేది కాదు. "దేవుడు చూస్తాండు, మల్ల రాయి" అనేది. అంతకన్నా కొడితేనే నయం అనిపించేది.

నాకు దమ్ము వచ్చిన రోజుల్లో అన్న నన్ను భుజాల మీద ఎక్కించుకొని దవాఖానకు ఉరికేవాడు. వాడి జుట్టు పట్టుకొని కూర్చునేదాన్ని. "నా వెంట్రుకలన్నీ నీ పిడికిట్లనే ఊడినయే" అని ఇప్పటికీ తన బట్టతలకు నన్నే తిడతాడు.

నాకు పదకొండేళ్లప్పుడు మా ఎదురింట్లోకి జమేదారు గారు కిరాయికి వచ్చారు. హెడ్ కానిస్టేబుల్. ఇద్దరు కూతుళ్లకూ పెళ్లిళ్లయిపోయాయి. మొగుడూ పెళ్లామూ ఇద్దరే. ఆయనను మేము పెద్దబాపు అనీ, ఆమెను పెద్దమ్మ అనీ పిలిచేవాళ్లం.

ఆయన వచ్చిన వారానికే ఒక సంగతి జరిగింది. మట్టికోట గోడ నీడన మా అన్న, పిల్లికండ్లాయన, ఇంకో ఐదుగురు పోరగాళ్లు పేకాడుతున్నారు. పదో తరగతి తప్పినవాళ్లు కొందరు, పాసై పనిలేనివాళ్లు కొందరు. ఖాకీ బట్టలు కనబడగానే లేచి ఉరకబోయారు. ఆయన ఉరకలేదు. నిమ్మళంగా కూర్చొని, పేకకట్ట తీసుకొని, అందులో నుంచి నాలుగు ఆసులు ఏరి జేబులో వేసుకొని, మిగిలిన ముక్కలు వాళ్లకే ఇచ్చేశాడు.

"ఇయ్యి గావాల్నంటే రేపు పొద్దుగాల మైదానంకు రాండ్రి. రోజుకొక్కటి ఇస్త."

"గదేంది సాబ్? ఆసులు లేని పేక ఏం పేక?" అన్నాడు మా అన్న.

"నౌకరి లేని పోరడు ఏం పోరడురా? రా, ఇద్దరం సమానం జేస్కుందాం."

నాలుగు ఆసులూ తిరిగి వచ్చేసరికి వాళ్లకు మైదానం అలవాటైంది. కానిస్టేబుల్ నౌకర్లు పడబోతున్నాయని, ఉరుకుడు, గుండు విసురుడు, దూరం దుంకుడు, ఛాతీ కొలత అన్నీ నేర్పి ఒక్కొక్కణ్ణి పోలీసును చేస్తానని ఆయన పట్టు. డ్యూటీ నుంచి ఏ వేళకు వచ్చినా తెల్లారేసరికి మైదానంలో ఉండేవాడు. ఆయనను ఎవరూ చేయమనలేదు. పెద్దమ్మ ముందురోజే ఇత్తడి బోగాణి నిండా శనగలు నానబెట్టేది. ఉరికినవాళ్లకు దోసెడు శనగలు, చిన్న బెల్లం ముక్క.

ఒకరోజు వాకిట్లో కూర్చొని వాళ్లు పోతుంటే చూస్తున్న నన్ను ఆయన చూశాడు. "ఈ పిల్లకు లెక్కలస్తయా?" అని అమ్మను అడిగాడు.

"వస్తయి సాబ్. గని దమ్ము. ఉరకలేదు."

"ఉరికేటోళ్లు నాకు ఏడుగురున్నరమ్మా. కూసుండి టైం చూసేటోళ్లే లేరు."

అట్లా నా మెడలో నల్లదారంతో ఒక స్టాప్‌వాచ్ పడింది. మేమంతా దాన్ని గడియారమే అనేవాళ్లం. పైన గుబ్బ నొక్కితే రెండు ముళ్లు కదిలేవి, ఒక్కొక్కరు గీత దగ్గరికి రాగానే నొక్కితే ఒక ముల్లు ఆగి వాళ్ల టైం చూపేది, మళ్లీ నొక్కితే రెండోదాన్ని అందుకునేది. ఇంట్లో చాప మీద నుంచి లేవని పిల్లకు ఒక పని, ఒక నోటుబుక్కు, ఏడుగురు మగపిల్లలు ఉరికొచ్చి "నాదెంత? నాదెంత?" అని అడిగే ఒక కుర్చీ దొరికింది. ఆ కుర్చీ కూడా పెద్దమ్మ వంటింటి పీటే. అయినా సింహాసనం మీద కూర్చున్నట్టే ఉండేది. శనగలు పంచేదీ నేనే. బెల్లంలో పెద్ద ముక్క పావడాలో దాచి అన్నకు ఇచ్చేదాన్ని. పిల్లికండ్లాయన కనిపెట్టేవాడు.

"చూడు పెద్దబాపూ, ఈ పిల్ల ఇంటోళ్లకే పెడతాంది!"

"దడువాయి బిడ్డరా అది. తూకంల తప్పు చెయ్యదు" అనేవాడు ఆయన.

మా బాపు ముందు అంటే, బాపు మీసం కింద నవ్వుకునేవాడు.

ఆయనకు ఒక అలవాటుండేది. మైదానం చుట్టూ నాలుగు సుట్లు ఉరకాలి. విజిల్ వేయగానే తానూ ఉరికేవాడు. ముందున్నవాళ్లతో కాదు. అందరికంటే వెనక పడ్డవాడి పక్కన. "నడువు బిడ్డా, నడువు, నేనున్న" అనుకుంటూ వాడి అడుగులో అడుగు వేసేవాడు. అందుకని ముందొచ్చేవాళ్లు సున్నపు గీత దాటడం ఆయన ఎన్నడూ చూసేవాడు కాదు. గీత దగ్గర ఉండేది నేను ఒక్కదాన్నే.

మా అన్న దుక్కలాంటి మనిషి. గుండు విసిరితే అందరికంటే దూరం పడేది. ఉరుకుడే రాదు. ముందు ముగ్గురిలో వచ్చినా, సెలెక్షన్‌కు పెట్టిన గడువు కంటే నాలుగైదు సెకండ్లు ఎక్కువ పట్టేది. బాపు ఒకరోజు అన్నం తింటూ చెప్పాడు. "ఈసారి గాకపోతే హమాలీకి రారా. బస్తాలు మొయ్యడానికి టైం చూడరు." అన్న ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. మిర్చి బస్తాలు మోసే హమాలీల వీపులు నేను చూశాను. పొద్దుగూకాక కొబ్బరినూనె రాసుకుంటూ మూలుగుతారు. ఆ వీపులు నాకు కనబడ్డాయి.

సాయంత్రాలు మా వాకిట్లో ఇద్దరు ముగ్గురు దడువాయిలు చాయ్ తాగుతూ మార్కెట్ ముచ్చట్లు చెప్పుకునేవారు. వాటిలో నాకిష్టమైనవి దొంగ తూకాల కథలు. కాంటా బల్ల కింద కాలి బొటనవేలు ఆనిస్తే చాలట, ఎవరికీ కనబడకుండా బస్తా బరువు తగ్గుతుందట. అందరూ నవ్వితే బాపు నవ్వేవాడు కాదు. "ఆ కాలుతోని గుడి మెట్టు ఎట్ల ఎక్కుతడే వాడు?" అనేవాడు.

ఆ మాటే నాకు గుర్తుండాల్సింది. బొటనవేలు గుర్తుంది.

మొదటిరోజు అన్న గీతకు రెండు అడుగుల దూరంలో ఉండగానే గుబ్బ నొక్కాను. జ్వరం నుంచి లేచాడు, ఒక్కరోజుకేముంది అనుకున్నాను. నోటుబుక్కులో అంకె చూసి అన్న ముఖం వెలిగింది. మర్నాడు నాలుగు అడుగులు. తర్వాత పది అడుగుల ముందే ఆపేదాన్ని. విజిల్ పడ్డాక ఒక్క ఊపిరి ఆగి మొదలుపెట్టి, మిగిలినవాళ్లకు ఆ ఊపిరి కలిపి రాసేదాన్ని. నా దస్తూరి ఎంత అందంగా ఉండేదంటే, ఆ అంకెలను ఎవరూ అనుమానించలేకపోయారు.

ఒకనాడు జమేదారు గారు నోటుబుక్కు చూసి అన్న వీపు మీద చరిచాడు. "పాసైతానవురా! ఇగ నీకు ఉరుకుడు అక్కెర లేదు. గుండు, దుంకుడు చూస్కో. మిగిలినోళ్లనే నేను ఉరికిస్త."

సెలెక్షన్లకు నెలన్నర ముందు అన్నకు ఉరుకుడు ఆగిపోయింది. దేవుని ముందు కూర్చొని నేను ఆ రోజు దండం కూడా పెట్టాను, అన్న గట్టెక్కాడని.

సెలెక్షన్లు హనుమకొండలో. వాడకట్టులోని తల్లులందరూ భద్రకాళమ్మకు మొక్కుకున్నారు. జమేదారు గారు సెలవు పెట్టి, ఇస్త్రీ బట్టలు వేసుకొని, బోగాణి నెత్తిన పెట్టుకున్నంత పని చేసి వెంట పోయాడు. మధ్యాహ్నానికి తిరిగి వచ్చారు. ముగ్గురు పాసయ్యారు. నలుగురు తప్పారు. పిల్లికండ్లాయన ఛాతీ కొలతలో. మా అన్న ఉరుకుడులో, నాలుగు సెకండ్లతో.

అన్న వాకిట్లోకి రాలేదు. వీధిలోనే నిలబడి, ఎదురింటి గడప వైపు తిరిగి అరిచాడు. పెద్దబాపు అనలేదు.

"ఏం టైం చూపిచ్చినవ్ నువ్వు? పాసైతానవని చెప్పినవ్ గదా! ఉరుకుడు ఇడిశిపెట్టమన్నవ్ గదా! నమ్మిచ్చి ముంచినవ్ నన్ను!"

తలుపులు తెరుచుకున్నాయి. తప్పిన పిల్లల తల్లులు వచ్చారు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తూనే అంది, "గడియారమే సక్కగ లేకపోతే మా పిల్లల బతుకులు ఏం సక్కగైతయి సాబ్?" ఆమె కొడుకు ఎత్తు చాలక తప్పాడు. అయినా ఆ మాట అక్కడ ఉన్న అందరికీ పనికొచ్చింది. ఓడిన ప్రతి ఇంటికీ ఒక సాకు దొరికింది.

జమేదారు గారు నోటుబుక్కు తెచ్చాడు. ఒక్కొక్క పేజీ తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. తలెత్తి, మా గడపలో బెల్లం డబ్బా పట్టుకొని నిలబడ్డ నన్ను చూశాడు. నేను డబ్బాను వెనక్కి దాచుకున్నాను.

తర్వాత గడియారం చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అవునురా. ఆగి ఆగి నడుస్తాంది. ఖరాబైంది. నేనే చూస్కోలే. తప్పు నాది."

అప్పుడు మా బాపు అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. కోపంగా అనలేదు. పెద్దమనిషి తరహాలో, నలుగురూ వినేటట్టు అన్నాడు. "కొలత చూసేటోడు రోజూ పొద్దుగాల తన కాంటా తాను సరి చూస్కోవాలె సాబ్. పిల్లల కడుపు గొట్టినవ్."

"నిజమే తమ్మీ" అన్నాడు ఆయన. తల దించుకొని.

మర్నాడు పొద్దున్నే ఎదురింటికి పోయాను. ఆయన గడప మీద కూర్చొని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు.

"పెద్దబాపూ, గడియారం ఖరాబు కాలే."

"తెలుసు బిడ్డా."

"నేనే..."

"అది గూడ తెలుసు. మీ అన్న ఒక్కని లెక్కనే దిగుకుంట వచ్చింది. వాని రొప్పుడు మాత్రం తగ్గలే. నేను చూడాల్సింది. చూడలే. నిన్ను నమ్మిన."

తిట్టినా బాగుండేది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. కాంటా కింద బొటనవేలు కథ చెప్పాను. ఆయనకు ఒక్క క్షణం నవ్వొచ్చినట్టే వచ్చి ఆగిపోయింది.

"బాపుకు చెప్త" అన్నాను ఏడుస్తూ.

బ్రష్ పక్కన పెట్టాడు. "వద్దు. దడువాయి బిడ్డ దొంగ కొలత చూసిందని రేపు మార్కెట్ల అంటరు. నీ పేరు ఎవ్వరనరు, మీ బాపు కాంటా పేరంటరు. నా గడియారం ఖరాబైతే నా నౌకరి పోదు. ఆయన కాంటా ఖరాబైందంటే ఏ రైతు బస్తా పెట్టడు. మీ బాపు కాంటా పట్టినన్ని దినాలు ఈ ముచ్చట ఈ గడపలనే ఉండాలె. ఆ తర్వాత నీ ఇష్టం, నీ దేవుని ఇష్టం."

ఆ తర్వాత కూడా మూడు రోజులు ఆయన మైదానానికి పోయాడు. మా వాకిట్లో నుంచి కనబడేది. విజిల్ మెడలో వేసుకొని, బోగాణి పక్కన పెట్టుకొని, సున్నపు గీత దగ్గర ఒక్కడే నిలబడేవాడు. పాసైన ముగ్గురు కూడా రాలేదు. వాళ్లను అదే గడియారం గట్టెక్కించిందని ఒక్కడు కూడా నోరు తెరవలేదు. ఎండ ముదిరాక బోగాణి ఎత్తుకొని తిరిగి వచ్చేవాడు. మొలకలొచ్చిన శనగలను పెద్దమ్మ మేకలకు వేసేది. పిల్లలు ఆయన వెనక "టైమెంతైంది జమేదారూ?" అని కూసి ఉరికేవారు. ఆ కూతలో ఎన్నోసార్లు మా అన్న గొంతు విన్నాను.

నెల తిరగకముందే ఆయనే అడిగి ములుగు దిక్కు బదిలీ చేయించుకున్నాడు. పోయే ముందు అమ్మను పిలిచి నా చేతిలో ఒక కాగితం పెట్టించాడు. బడికి పోకున్నా ఇంట్లోనే చదివి పరీక్ష రాయవచ్చని, దానికి ఎవరిని కలవాలో, ఏ పుస్తకాలు కావాలో అందులో రాసి ఉంది. "పిల్ల దస్తూరి మంచిది. ఊకె పోనియ్యకు చెల్లె" అన్నాడు. ఆ దస్తూరి ఆయనకు ఏం చేసిందో తెలిసి అన్నాడు. ఆ కాగితం పుణ్యమా అని ఇంటి నుంచే పది పాసయ్యాను. ఆ చదువుతోనే ముప్పై ఏళ్లుగా మా వీధి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాను. నేను తినే మెతుకు మీద ఆయన పేరుంది.

బాపు కాంటా దించి ఇరవై ఏళ్లయింది. పోయి పన్నెండేళ్లు. అప్పుడైనా నేను నోరు తెరవవచ్చు. తొర్రూరు ఎంత దూరం? బస్సెక్కితే పూటలో పోయి రావచ్చు. రోజూ దీపం పెడతాను, ఉపవాసాలుంటాను, అందరూ నన్ను భక్తురాలంటారు. ఆ పని మాత్రం చేయలేదు. ఈ ఏడు, వచ్చే ఏడు అనుకుంటూ, గీతకు పది అడుగుల ముందే ఆగిపోయాను.

మొన్న ఆ కబురు తెచ్చినప్పుడు, గేటు దగ్గర పిల్లికండ్లాయనతో మాత్రం అన్నాను.

"ఆ గడియారం ఖరాబు కాలే అన్నా. నేనే ముందుగాల ఆపిన. మా అన్న కోసం."

ఆయన స్కూటర్ బంద్ చేశాడు. హ్యాండిల్ తుడుచుకున్నాడు. "నిన్న వాళ్ల ఊళ్లె ఖాకీ బట్టలేసుకున్న పోరగాళ్లు ముప్పై మంది దాకా లైను కట్టిన్రట" అన్నాడు. "రిటైరైనంక గూడ అక్కడ గదే పనట. మల్ల గా శనగలేనట... మీ అన్నకు చెప్పినవా?"

ఆ సాయంత్రం అన్నకు ఫోన్ చేశాను. కరీమాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ముప్పై ఏళ్లు మిర్చి బస్తాలు మోసిన వీపు ఇప్పుడు వంగిపోయింది. చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. చెప్పి, తిట్ల కోసం ఎదురుచూశాను.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పాల్నే? ఉరికేటోనికి గీత కనవడదా? నేను ఇంకా అవతల ఉండంగనే నీ వేలు గుబ్బ మీద పడేది. రోజూ చూసేటోన్ని. ఆ దినం మాత్రం ఎట్లనో ఉరుకుత అనుకున్న."

"మరి ఆయన మీద గట్ల ఎందుకు అరిచినవ్ అన్నా? వీధి మీద, అంత మందిలో?"

"నిన్ను అనబుద్ది గాలే" అన్నాడు. "నన్ను నేను అనుకోబుద్ది గాలే. ఆయన నిలబడి మాటలు పడ్డడు. అందుకే ఆయన్నన్న."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు దేవుని అర్ర ముందు కూర్చున్నాను. అన్నను మోసం చేశానని నలభై ఏళ్లు కుమిలాను. అన్న మోసపోనే లేదు. మేమిద్దరం, ఒకరికి తెలియకుండా ఒకరం, ఒకే మనిషి వెనక దాక్కున్నాం. ఆ మనిషి నన్ను కాపాడాడు. బాపు కాంటాను కాపాడాడు. ఆ బాపు చేతనే నలుగురిలో మాట పడ్డాడు. మా అందరి చేతా మోసపోయినవాడు ఆయన ఒక్కడే. నౌకరిలో ఆయన మీద ఎన్నడూ ఏ మచ్చా లేదు, మా కోటలో ఆయనకు మిగిలింది ఒక వెక్కిరింపు పేరు.

దినాలకు అన్నా నేనూ కలిసి పోతున్నాం. పెద్దమ్మ ఇంకా ఉందట. శనగలు నానబెట్టాను. ఆమె ముందు ఇద్దరం చెప్పాల్సింది చెబుతాం. వింటుందో, లేచి పొమ్మంటుందో, ఏదైనా మాకు తగినదే.

ఇది చదివిన వాళ్లను నేను ఒక్కటే అడుగుతున్నాను. మీ దీపం ముందు నన్ను తలుచుకోవద్దు. ఆయనను తలుచుకోండి. ఆయన గడియారం సరిగ్గానే నడిచింది. గీత దగ్గర ఏం జరుగుతుందో ఆయనకు కనబడకపోవడానికి ఒకటే కారణం. ఆయన ఎప్పుడూ వెనకబడ్డవాడి పక్కన ఉరుకుతూ ఉండేవాడు.